క్యారమ్స్‌లో రెడ్ (ఎర్ర కాయిన్) వేసినవారు ఆ బోర్డు (ఒక విడత ఆట) ఓడిపోతే రెడ్ పాయింట్లు వారికి వస్తాయా?

రావు. రెడ్‌కు కవర్ వేసినా సరే, బోర్డు ఓడితే ఆ 3 పాయింట్లు ఎవరి ఖాతాలోనూ పడవు.

అంతర్జాతీయ నియమాల ప్రకారం బోర్డు గెలిచినవారికే పాయింట్లు. ఎదుటివారి కాయిన్లు ఎన్ని మిగిలితే అన్ని పాయింట్లు వస్తాయి. రెడ్ కూడా వారే వేసి, అదే దెబ్బలో గానీ వెంటనే ఆడే దెబ్బలో గానీ తమ కాయిన్ వేసి కవర్ చేసి ఉంటే మరో 3 కలుస్తాయి. ఈ నియమం చాలా న్యాయమైనది, ఎందుకంటే రెడ్ ఒక్కదానితో ఆట తేలిపోదు.

హైదరాబాద్‌లో ఒక బస్తీ పోటీ జరుగుతోందనుకోండి. తెల్ల కాయిన్ల ఆటగాడు రెడ్ వేసి కవర్ చేశాడు, కానీ నల్లవాటి ఆటగాడు తన కాయిన్లన్నీ ముందే ముగించాడు. తెల్లవి 4 మిగిలాయి. గెలిచినవాడికి 4 మాత్రమే. తెల్లవాడే గెలిచి నల్లవి 4 మిగిలి ఉంటే అతనికి 7 వచ్చేవి.

రెడ్ ఎవరు వేస్తే వారికే పాయింట్లు అన్న అపోహ ఇళ్లలో ఆడే పాయింట్ల ఆట నుంచి వచ్చింది. అక్కడ ప్రతి కాయిన్‌కూ విడిగా విలువ కడతారు. అది వేరే ఆట. ఇంకొకటి చాలామంది మరిచిపోతారు: బోర్డులన్నీ కలిపి తమ స్కోరు 22కు చేరాక, గెలిచినవారికి కూడా రెడ్ పాయింట్లు కలపరు.