అమ్మాయి నటి అవుతానంటోంది, ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మేము కెనడాలో, బ్రాంప్టన్‌లో ఉంటాం. మా అమ్మాయి పన్నెండో గ్రేడ్. మార్కులు బాగా వస్తాయి, మావారు కంప్యూటర్ సైన్స్ చదవమంటున్నారు. అది మాత్రం మాంట్రియల్ వెళ్ళి నటన నేర్చుకుంటానని పట్టుబట్టింది. టీవీ, స్టేజీ నమ్ముకుని ఇక్కడ బతకొచ్చా? - ఒక తల్లి

జవాబు: అమ్మా, బతుకుతున్నవాళ్ళు ఉన్నారు. కాకపోతే అది నెలనెలా జీతం పడే బతుకు కాదు. మీ ఇంట్లో నడుస్తున్న వాదనే ఒకప్పుడు ఒట్టావాలో ఒక కొరియన్ కుటుంబంలోనూ నడిచింది. ఆ ఇంటి అమ్మాయే ఇప్పటి ప్రసిద్ధ నటి శాండ్రా ఓ. ఆమెకి కార్లటన్ యూనివర్సిటీలో జర్నలిజం చదవడానికి నాలుగేళ్ళ స్కాలర్‌షిప్ వచ్చింది. అమ్మానాన్నలు వద్దంటున్నా దాన్ని వదులుకుని మాంట్రియల్‌లోని నేషనల్ థియేటర్ స్కూల్‌లో చేరింది. చదువు ఖర్చు తనే పెట్టుకుంది. కొన్నేళ్ళు చూస్తాను, కుదరకపోతే మళ్ళీ యూనివర్సిటీకి వెళ్తానని ఇంట్లో చెప్పింది.

1993లో శిక్షణ పూర్తయ్యాక ఒంటారియోలోని లండన్‌లో నాటకం వేసింది. ఆ రోజుల్లోనే ఒక టీవీ సినిమాలో ప్రధాన పాత్ర దొరికింది. దానికి వెయ్యిమందికి పైగా పోటీ! తర్వాత ఒక అమెరికన్ సీరియల్‌లో ఏళ్ళ తరబడి సహాయక పాత్ర. 'గ్రేస్ అనాటమీ' అనే మరో అమెరికన్ సీరియల్‌తో ప్రపంచమంతా గుర్తుపట్టింది 2005లో. అంటే స్కూలు దాటిన పన్నెండేళ్ళకు. అంత పేరొచ్చాక కూడా, 2014లో ఆ సీరియల్ వదిలి షికాగోలో నాటకం వేసింది.

అందరూ శాండ్రా ఓ కాలేరు, నిజమే. ఆమె ఇంట్లో పెట్టుకున్న గడువు మాత్రం ఎవరైనా పెట్టుకోవచ్చు. శిక్షణ అయ్యాక నాలుగేళ్ళు అనుకోండి. పేరొచ్చిందా అని కాదు, ఆడిషన్లకు పిలుస్తున్నారా, రెండోసారి రమ్మంటున్నారా అన్నది చూడండి.

డబ్బు సంగతి. టీవీ, సినిమా నటులకు యాక్‌ట్రా, స్టేజీ నటులకు ఈక్విటీ అనే యూనియన్లు ఉన్నాయి. వాటి ఒప్పందాల కింద చేసే పనికి కనీస పారితోషికం ఖాయం. పని లేని నెలల్లో మాత్రం ఏమీ రాదు. అందుకే చాలామంది పక్కన మరో పని చేసుకుంటారు. 1953 నుంచి సాగుతున్న స్ట్రాట్‌ఫర్డ్ ఫెస్టివల్ అనే నాటకోత్సవం లాంటి చోట తీసుకుంటే వరసగా కొన్ని నెలలు పని ఉంటుంది. అందుకే అక్కడా పోటీ ఎక్కువే.

ఇప్పుడు మీరు ముందుగా చేయాల్సింది ఒకటుంది. నేషనల్ థియేటర్ స్కూల్ ఆడిషన్‌కు వెళ్ళనివ్వండి. ఆ స్కూల్లో ఏటా తీసుకునేది కొద్దిమందినే. సీటు వస్తే తనలో సత్తా ఉందని ఆ రంగంవాళ్ళే చెప్పినట్టు. రాకపోతే, కాదన్న మాట మీ నోటి నుంచి వినాల్సిన బాధ తనకుండదు. పాత నాటకంలోంచి ఒకటి, ఇప్పటి నాటకంలోంచి ఒకటి, రెండు ఏకపాత్రలు ఈ నెల నుంచే సాధన చేయించండి. ఫోన్‌లో తీసి చూసుకోమనండి. వెనక ఖాళీ గోడ, ముఖం మీద వెలుతురు, గొంతు స్పష్టంగా ఉండాలి. రేపు టీవీ పాత్రలకు పంపాల్సిందీ అలాంటి వీడియోలే.

కంప్యూటర్ సైన్స్‌కి కూడా అప్లికేషన్ పెట్టించండి. సీటు వస్తే ఒక ఏడాది వాయిదా వేసుకునే వీలుందేమో యూనివర్సిటీని ముందే అడగండి.