మ్యాపుల పిచ్చి ఉన్న అమ్మాయికి ముప్పై సైట్లు అక్కర్లేదు

ప్రశ్న: మా అమ్మాయి స్కూల్ చదువు చివరికొచ్చింది. మ్యాపులు, అగ్నిపర్వతాలు, సముద్రాలంటే పిచ్చి. జాగ్రఫీ గానీ జియాలజీ గానీ చదువుతానంటోంది. ఇప్పటి నుంచే ఆన్‌లైన్‌లో నేర్చుకుంటానని ముప్పై సైట్ల లింకులు దాచుకుంది. వాటిలో ఏవి పనికొస్తాయి? ఈ ఇష్టం నిలుస్తుందా లేదా అని మాకు టెన్షన్‌గా ఉంది. – ఒక తల్లి

జవాబు: ముందు ఆ ముప్పైలో ఇరవై ఆరు తీసేయమనండి. వెటకారానికి అనడం లేదమ్మా. ఆమధ్య ఒక అబ్బాయి ఏడు ఆన్‌లైన్ కోర్సుల సర్టిఫికెట్లు పట్టుకొచ్చాడు. ఒక మ్యాపు ముందుపెట్టి, ఈ రెండు ఊళ్ల మధ్య దూరం ఎంతుంటుందో స్కేలు చూసి చెప్పమంటే తడబడ్డాడు. తప్పు వాడిది కాదు, ఏడింటిలోనూ వీడియోలు చూశాడంతే, చేత్తో చేసింది ఏమీ లేదు.

మీ అమ్మాయిని అమెరికా ప్రభుత్వ భూవిజ్ఞాన సంస్థ యూఎస్ జియలాజికల్ సర్వే వాళ్ల భూకంపాల పేజీతో మొదలుపెట్టమంటాను. ప్రపంచంలో భూమి ఎక్కడ కాస్త గట్టిగా కంపించినా కాసేపట్లో అందులో చుక్క పడుతుంది. చుక్క మీద నొక్కితే తీవ్రతతో పాటు లోతు కూడా కనిపిస్తుంది. అందరూ తీవ్రత చూసి వదిలేస్తారు. అసలు కథ లోతులో ఉంటుంది.

ఒక పని చెప్పండి. ఆ పేజీలోనే పాత భూకంపాలను వెతికే సదుపాయం ఉంది. జపాన్ చుట్టుపక్కల గత పదేళ్లలో తీవ్రత 4.5 దాటినవి ఏరుకోవాలి. తూర్పున సముద్రంలో జపాన్ ట్రెంచ్ అనే లోతైన కందకం ఉంది. అక్కడి నుంచి పడమరకు వెళ్తూ ఒక్కో చుక్క లోతు రాసుకోవాలి. కందకం దగ్గర పది, ఇరవై, ముప్పై కిలోమీటర్లు. జపాన్ సముద్రం దాటి రష్యాలోని వ్లాదివోస్తోక్ వైపు వెళ్తే ఐదు వందలు దాటినవి కూడా తగులుతాయి. కందకం నుంచి దూరం అడ్డంగా, లోతు కిందికి వేసి గ్రాఫు కాగితం మీద చుక్కలు పెడితే అవన్నీ ఏటవాలుగా ఒక వరుసలో దిగుతాయి. పసిఫిక్ భూఫలకం, అంటే ఆ సముద్రం అడుగున ఉన్న పెద్ద రాతి పలక, జపాన్ కిందికి దూరుతున్న దారి అదే. పుస్తకంలో బాణం గుర్తుతో వేసిన బొమ్మను తన చేత్తో తనే రాబట్టినట్టు. ఒక ఆదివారం సరిపోతుంది.

రెండోది గూగుల్ ఎర్త్‌లోని టైమ్‌లాప్స్. 1984 నుంచి ఏ చోటైనా ఏడాదికేడాది ఎలా మారిందో చూపిస్తుంది. మధ్య ఆసియాలోని అరల్ సముద్రం చూడమనండి. అము దర్యా, సిర్ దర్యా నదుల నీళ్లను పత్తి పొలాలకు మళ్లించడంతో 1960ల నుంచి అది ఎండిపోతూ వచ్చింది. దక్షిణ భాగం ఇంకిపోతుంటే ఉత్తరాన ఉన్న చిన్న ముక్క మాత్రం ఒక దశ తర్వాత నిలదొక్కుకున్నట్టు కనిపిస్తుంది. ఎందుకని? 2005లో అక్కడ పూర్తయిన ఒక ఆనకట్ట వల్ల. ఇది మీరు ముందే చెప్పకండి, తననే వెతుక్కోనివ్వండి. ఇలాంటి బొమ్మల వెనక అమెరికా వాళ్ల ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలున్నాయి. 1972 నుంచి తీస్తున్న ఆ చిత్రాలను 2008లో అందరికీ ఉచితం చేశారు.

మూడోది నాసా ఎర్త్ అబ్జర్వేటరీ. ఒక ఉపగ్రహ చిత్రం, దాని కింద నాలుగు పేరాల వివరణ. రోజుకొకటి చదివితే చాలు.

నాలుగోది క్యూజీఐఎస్, ఉచితంగా దొరికే మ్యాపుల సాఫ్ట్‌వేర్. మొదటి వారం ఏడిపిస్తుంది, ముందే చెబుతున్నా. ఇందాకటి భూకంపాల పేజీ నుంచి దించుకున్న ఫైలును అందులోకి తెచ్చేటప్పుడు ఎక్స్ దగ్గర రేఖాంశం, వై దగ్గర అక్షాంశం ఇవ్వాలి. తారుమారైతే జపాన్ చుక్కలు మ్యాపు బయట ఎక్కడో పడతాయి, అక్షాంశం 90 దాటదు కదా. అంకెలు సున్నాలుగా మారితే చుక్కలన్నీ అక్షాంశం, రేఖాంశం రెండూ సున్నా అయ్యే చోట, ఆఫ్రికా పక్కన గినీ సింధుశాఖలో కుప్పపడతాయి. ఈ రంగంలో వాళ్లు ఆ చోటుకు సరదాగా నల్ ఐలాండ్ అని పేరు పెట్టుకున్నారు. అక్కడ దీవి ఏమీ లేదు.

కోర్సు కావాలంటే ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్‌లో భూమి, వాతావరణ శాస్త్రాల పాఠాలు ఉచితంగా ఉన్నాయి. కాకపోతే అవి యూనివర్సిటీ స్థాయివి, ఇప్పుడే అర్థం కాలేదని దిగులు పడనక్కర్లేదు. అక్కడ ఎదురయ్యే గణితం, ఫిజిక్స్ చూసి మాత్రం ఒక అంచనాకు రావచ్చు. భూకంపాలు, వాతావరణం, సముద్రాల వైపు వెళ్లాలంటే అవి తప్పవు. లెక్కలంటే విసుగైతే జనాభా, నగరాలు, భూమి వాడకం లాంటి మానవ భూగోళం వైపు చూడొచ్చు, అక్కడా గణాంకాలు కొంత రావాలి. ఇక శిలలను గుర్తుపట్టడం స్క్రీన్ మీద వచ్చే విద్య కాదు. రాయిని చేతిలోకి తీసుకుని, గోటితో గీరి, బరువు చూసి నేర్చుకోవాల్సిందే.

ఇష్టం నిలుస్తుందా అన్నారు. జపాన్ గ్రాఫు వేసేటప్పుడు పక్కన కూర్చోండి. చాలా చుక్కలకు లోతు సరిగ్గా 10 కిలోమీటర్లని ఉంటుంది. అన్ని భూకంపాలూ కచ్చితంగా 10 దగ్గరే ఎందుకొస్తాయి? కొలతలు చాలక లోతు తేలనప్పుడు సంస్థ వాళ్లు తరచూ ఆ అంకెనే ఖరారు చేసి లెక్క కడతారు. మీ అమ్మాయి ఆ 10ల దగ్గర ఆగి "ఇదేంటమ్మా, అన్నీ ఒకటే ఉన్నాయి?" అని అడిగిందనుకోండి, ఇక ఆ టెన్షన్ పక్కనపెట్టి కాలేజీలు వెతకడం మొదలుపెట్టవచ్చు.