రాజీనామా చేస్తానంటున్న జూనియర్‌కు చెప్పాలా, ఊరుకోవాలా?

గ్రూప్-1కు చదువుకోవడానికి ప్రభుత్వ ఉద్యోగం వదిలేస్తానంటున్న జూనియర్‌ను ఆపాలా, లేక అతని జీవితం అతనిష్టమని ఊరుకోవాలా అని మీరు అడిగారు. చెప్పండి. ఒక్కసారి, మీరిద్దరే ఉన్నప్పుడు, రాజీనామా లేఖ పై అధికారికి చేరకముందే చెప్పండి. చెప్పవలసిన చోట నేను నోరు మెదపని సందర్భం ఒకటి ఉంది కాబట్టే ఇంత గట్టిగా అంటున్నాను.

నేను నల్లగొండ జిల్లాలో ఒక మండల పరిషత్ కార్యాలయంలో సూపరింటెండెంట్‌గా ఉన్నప్పుడు, 2019 ఏప్రిల్‌లో చేరిన జూనియర్ పంచాయతీ కార్యదర్శుల్లో ఒక యువకుడు చాలా చురుకుగా ఉండేవాడు. తెల్లవారేసరికి ఊళ్లో ఉండి చెత్త ట్రాక్టరును కదిలించడం, నర్సరీకి నీళ్లు పెట్టించడం, 2018 పంచాయతీరాజ్ చట్టం చెప్పినట్టు నాటిన మొక్కల్లో నూటికి 85 బతికేలా చూసుకోవడం, ఇవన్నీ ముగించుకుని రాత్రి పుస్తకం పట్టేవాడు. జీతం మొదట 15,000 రూపాయలు, 2021 నుంచి 28,719; ఉద్యోగం పక్కా కాకముందు పనితీరు చూసే కాలం, అంటే ప్రొబేషన్, మూడేళ్లన్నదాన్ని నాలుగేళ్లు చేశారు. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో గ్రూప్-1 ప్రకటన రాగానే అతని మనసు ఉద్యోగం మీద నిలవలేదు.

మే నెలలో ఒక సాయంత్రం వచ్చి, "సార్, ఇగ రెండు పనులు నాతోని అయితలేవు, జర ఈ లెటర్ చూడుండ్రి" అని కాగితం నా బల్ల మీద పెట్టాడు. తేదీ వేయలేదని వేయించాను, అధికారి హోదా తప్పుగా రాస్తే సరిదిద్దాను, "మంచిగ చదువుకో తమ్మీ" అని పంపాను. ప్రొబేషన్‌లో మూడేళ్లు గడిచిపోయాయని, మిగిలింది ఒక్క ఏడాదేనని నాకు తెలుసు. అతని ఆశ మీద నీళ్లు చల్లినవాడిని అవుతానేమోనన్న సంకోచంతో ఆ మాట అనలేదు.

అతను హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లో గది తీసుకుని చదివి, ఆ అక్టోబరులో ప్రిలిమ్స్ రాసి నెగ్గాడు. ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడి 2023 మార్చిలో ఆ పరీక్ష రద్దయింది. జూన్‌లో మళ్లీ రాశాడు, సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. అదే ఏడాది అతనితోపాటు చేరినవారి పనితీరును పరిశీలించి, గ్రేడ్-4 కార్యదర్శులుగా క్రమబద్ధీకరించారు. ఆ దసరాకు గడియారం సెంటర్‌లో ఎదురుపడినప్పుడు, "ఇంకో ఏడాదే ఉందని మీకు అప్పుడు యాదికుండెనా సార్?" అని అడిగాడు. ఉండెనన్నాను. "ఒక్క మాట అనకపోతిరి" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో; అందుకే ఇప్పటికీ నా చెవిలో ఉంది.

పరీక్షలు రద్దవుతాయని నాకు ముందే తెలుసునని కాదు. అది ఎవరికీ తెలియదు. కానీ ఉద్యోగం వదిలితే తిరిగి రాదన్నది తెలుసు, ఆ సంగతి అతని ముందు పెట్టవలసింది. జూనియర్లు చేసే ప్రతి పొరపాటుకూ అడ్డుపడనక్కరలేదు. దూరపు మండలానికి బదిలీ కోరుకుంటే అక్కడి కష్టం చూసి వారే నేర్చుకుంటారు. రాజీనామా అలాంటిది కాదు.

2024లో మా కార్యాలయంలోని ఒక జూనియర్ అసిస్టెంటు ప్రిలిమ్స్ నెగ్గి, మెయిన్స్ కోసం రాజీనామా ఆలోచనలో పడింది. ఈసారి ఆగలేదు. మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్లినప్పుడు కూర్చోబెట్టి, గ్రూప్-1 రాయవద్దని అనకుండా, రెండు దారుల తేడా మాత్రమే చెప్పాను. ఊరికే రాజీనామా చేస్తే అప్పటిదాకా చేసిన సర్వీసు పోతుంది. శాఖ అనుమతితో పరీక్ష రాసి, ఎంపికై, ఆ కొత్త ఉద్యోగంలో చేరడానికి వదిలితే పాత సర్వీసు లెక్కలోకి వస్తుంది. చదువుకు సమయం కావాలంటే జీతం లేని సెలవు అడగవచ్చు, కాకపోతే ఇంక్రిమెంటు వెనక్కి జరుగుతుంది. "ఆలోచించుకుంట సార్" అని లేచి వెళ్లింది. నేను ఆ మాట మళ్లీ ఎత్తలేదు. పది రోజుల తరువాత సెలవు దరఖాస్తు తెచ్చింది, అక్టోబరులో మెయిన్స్ రాసి వచ్చి తన కుర్చీలో కూర్చుంది.

ఇంట్లోవాళ్లకు ఫోన్ చేయడం, పై అధికారి చెవిన వేయడం మాత్రం చేయకండి. ఒకప్పుడు నేను ఒకరి తండ్రికి చెప్పాను. ఆ జూనియర్ మళ్లీ నాతో ఏ సంగతీ పంచుకోలేదు.

మీ సహోద్యోగి ఇప్పటికే లేఖ ఇచ్చి ఉన్నా, ఆమోదం రాకముందు దాన్ని వెనక్కి తీసుకునే వీలుంటుంది. ఆమోదించిన ఉత్తర్వు చేతికి వచ్చాక ఆ దారి కష్టం. కనుక ఈ వారంలోనే మాట్లాడండి.