పాస్‌వర్డ్ ఉన్న పబ్లిక్ వైఫై సురక్షితమేనా?

ప్రశ్న: ప్రయాణాల్లో హోటళ్లు, విమానాశ్రయాల్లోని వైఫై వాడక తప్పడం లేదు. పాస్‌వర్డ్ అడిగేదైతే భయం లేదని మిత్రులు చెబుతున్నారు. నిజమేనా? అక్కడ బ్యాంకు లావాదేవీలు చేయవచ్చా?

జవాబు: మీ మిత్రుల మాట సగమే నిజం. పాస్‌వర్డ్ లేని వైఫైలో మీ ఫోన్‌కూ రూటర్‌కూ మధ్య సాగే సమాచారానికి సాధారణంగా ఎన్‌క్రిప్షన్ (ఇతరులు చదవలేని రహస్య రూపంలోకి మార్చడం) ఉండదు. అయితే బస చేసినవారందరికీ ఒకే పాస్‌వర్డ్ ఇచ్చే చోట, అది ఇప్పటికీ విరివిగా వాడుకలో ఉన్న డబ్ల్యూపీఏ2 అనే వైఫై భద్రతా పద్ధతి అయితే, మీ ఫోన్ నెట్‌వర్క్‌లో చేరే క్షణంలోని సంకేతాలను పట్టుకోగలిగిన మరో వ్యక్తి ఆ పాస్‌వర్డ్‌తోనే మీ సమాచారపు ఎన్‌క్రిప్షన్‌ను విప్పగలడు. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 ఈ లోపాన్ని సరిదిద్దింది.

అందువల్ల అసలు రక్షణను వైఫైలో కాక, మీరు తెరిచే వెబ్‌సైటులో వెతకాలి. 2010లో ఫైర్‌షీప్ అనే చిన్న బ్రౌజర్ అనుబంధం విడుదలై, అదే వైఫైలో ఉన్న ఇతరుల సోషల్ మీడియా ఖాతాల్లోకి ఎంత తేలికగా చొరబడవచ్చో చూపినప్పుడు, లాగిన్ తర్వాతి పేజీలను ఎన్‌క్రిప్షన్ లేకుండా వదిలేయడం ఎంత ప్రమాదమో లోకానికి తెలిసింది. నేడు చాలా సైట్లు మీకూ సైటుకూ మధ్య సమాచారాన్ని ఎన్‌క్రిప్ట్ చేసే హెచ్‌టీటీపీఎస్‌తోనే తెరుచుకుంటాయి కనుక, మీరు ఏ సైటుకు వెళ్లారో వైఫై నడిపేవారికి తెలిసినా, అక్కడ ఏం రాశారో తెలియదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది నకిలీ వైఫై. హోటల్ పేరుతోనే ఎవరైనా మరో నెట్‌వర్క్ నడపవచ్చు, గతంలో కలిసిన పేరే కనిపిస్తే ఫోన్ మిమ్మల్ని అడగకుండానే దానిలో చేరిపోవచ్చు. కాబట్టి సరైన పేరును సిబ్బందిని అడిగి తెలుసుకోండి, ఆటో కనెక్ట్‌ను ఆపేయండి, పని ముగిశాక ఆ నెట్‌వర్క్‌ను ఫోన్ నుంచి తొలగించండి. వైఫై లాగిన్ పేజీ మీ ఈమెయిల్ పాస్‌వర్డ్ అడిగితే ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వవద్దు. సైటు ధ్రువపత్రం (అది అసలైన సైటేనని తెలిపే డిజిటల్ గుర్తింపు) సరిగా లేదని బ్రౌజర్ హెచ్చరిస్తే, ఎంత తొందర ఉన్నా ముందుకు వెళ్లకండి. హెచ్‌టీటీపీఎస్ ఇచ్చే రక్షణంతా ఆ హెచ్చరికను మీరు పాటించడంపైనే ఆధారపడి ఉంది.

ఇక బ్యాంకు విషయం. అధికారిక యాప్ స్టోర్ నుంచి తీసుకున్న బ్యాంకు యాప్‌ను, తాజా అప్‌డేట్లున్న ఫోన్‌లో వాడితే ప్రమాదం తక్కువే. అయినా మొబైల్ డేటా అందుబాటులో ఉంటే డబ్బు వ్యవహారాలకు దాన్నే వాడమని నా సలహా.

ప్రశ్న: ఉచిత వీపీఎన్ వేసుకుంటే సరిపోతుందా?

జవాబు: వీపీఎన్ అంటే మీ సమాచారాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి తన సర్వర్ ద్వారా పంపే సేవ. అది మీ సమాచారాన్ని వైఫై నడిపేవారి కంటపడనివ్వదు గానీ, వారిపై ఉంచాల్సిన నమ్మకాన్ని వీపీఎన్ సంస్థకు బదిలీ చేస్తుంది. ఆదాయం ఎక్కడినుంచి వస్తుందో చెప్పని ఉచిత సేవకు ఆ నమ్మకం ఇవ్వడం నాకు సమ్మతం కాదు. మీ కార్యాలయం వీపీఎన్ ఇచ్చి ఉంటే, కార్యాలయపు పనులకు దాన్ని నిశ్చింతగా వాడండి.