టెక్ సందేహాలు: పాటలు వినడానికి ఏ ప్లేయర్ మంచిది?

ప్రశ్న: నా కంప్యూటర్‌లో పాత, కొత్త తెలుగు సినిమా పాటలు వేలల్లో ఉన్నాయి. ఇన్నాళ్లూ వీఎల్‌సీలోనే వింటున్నాను. ఫూబార్ 2000 వేసుకుంటే అవే పాటలు ఇంకా స్పష్టంగా వినిపిస్తాయని మా సహోద్యోగి అంటున్నారు. మ్యూజిక్‌బీ, ఏఐఎంపీ అని మరికొన్ని పేర్లు కూడా విన్నాను. వీటిలో దేనిలో శబ్దం బాగుంటుంది?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: శబ్దం విషయంలో ఈ నాలుగింటి మధ్య మీ చెవికి అందేంత తేడా ఉండదు. ఎంపీ3 ఫైలును విప్పి శబ్దంగా మార్చే పద్ధతి 1993లోనే అంతర్జాతీయ ప్రమాణంగా స్థిరపడింది. దాన్ని పాటించే ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఒక ఫైలు నుంచి దాదాపు ఒకే అంకెలను సౌండ్ కార్డుకు పంపుతుంది. ఫూబార్ శబ్దం మిగతావాటికన్నా బాగుంటుందా అన్న ప్రశ్నకు ఆ తయారీదారులే తమ వెబ్‌సైట్‌లో ‘లేదు’ అని సమాధానం రాశారు. తమ సాఫ్ట్‌వేర్ గురించి అంత నిజాయతీగా చెప్పినందుకు వారి మీద నాకు గౌరవం పెరిగింది.

మరి మీ సహోద్యోగికి తేడా ఎందుకు వినిపించింది? చాలాసార్లు కారణం వాల్యూమే. ఒకే పాటను కాస్త గట్టిగా వింటే మన చెవికి అదే స్పష్టంగా, నిండుగా తోస్తుంది. రెండో కారణం, ఏదో ఒక ప్లేయర్‌లో ఈక్వలైజర్ (సన్న, బొంగురు శబ్దాలను విడివిడిగా పెంచే, తగ్గించే ఏర్పాటు) ఆన్‌లో ఉండిపోవడం. మూడోది, ల్యాప్‌టాప్‌తో పాటే వచ్చే సౌండ్ ఎఫెక్టుల సాఫ్ట్‌వేర్. వీఎల్‌సీలో ఇంకో చిక్కు ఉంది. దాని వాల్యూమ్ పట్టీ వంద శాతం దగ్గర ఆగదు, 125 దాకా వెళ్తుంది. వంద దాటించి వింటే, వాద్యాలన్నీ ఒక్కసారిగా మోగే చోట శబ్దం పగిలినట్టు వినిపిస్తుంది. అది ప్లేయర్ లోపం కాదు, వంద దగ్గర ఆపితే సరిపోతుంది.

నిజంగా పోల్చి చూడాలంటే ఎఫెక్టులన్నీ తీసేయండి, రెండు ప్లేయర్ల వాల్యూమ్ సమానం చేయండి, ఇంట్లో ఎవరినైనా మీకు కనిపించకుండా మార్చి మార్చి వేయమనండి. ఏది ఏదో చెప్పగలిగితే ఆ ప్లేయరే వాడుకోండి. చెప్పలేకపోతే శబ్దం ఊసు వదిలేసి, అసలు చూడాల్సిన విషయానికి రావచ్చు.

అసలు చూడాల్సింది వెతుకులాట. వేల పాటల్లోంచి మీకు ఇప్పుడు కావలసిన పాటను ప్లేయర్ ఎంత త్వరగా తెచ్చి ఇస్తుందన్నదే లెక్క. ఇక్కడ తెలుగు శ్రోతకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఈ ప్లేయర్లలో చాలావరకు పాశ్చాత్య సంగీతాన్ని దృష్టిలో పెట్టుకుని తయారైనవి. అక్కడ ఒక గాయకుడు లేదా ఒక బృందం, వారి ఆల్బమ్, అందులో పాటలు. అంతటితో వరుస పూర్తవుతుంది. మనం పాటను గుర్తుపెట్టుకునేది అలా కాదు. సినిమా పేరుతో గుర్తుపెట్టుకుంటాం. ‘వేటూరి పాట’ అంటాం, ‘ఇళయరాజా పాట’ అంటాం, ‘బాలు, జానకి పాడిన పాట’ అంటాం. ఒక్క పాట వెనుక సినిమా, సంగీత దర్శకుడు, గీత రచయిత, గాయనీ గాయకులు, సంవత్సరం, ఇన్ని వివరాలు ఉంటాయి. వీటన్నిటినీ విడివిడిగా దాచుకుని, దేనితో అడిగినా చూపించగలిగే ప్లేయరే మనకు మంచి ప్లేయర్.

ఈ పరీక్షలో వీఎల్‌సీ నిలవదు. 1996లో పారిస్ దగ్గరి ఒక ఇంజినీరింగ్ కళాశాల విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైన ఆ సాఫ్ట్‌వేర్ ఏ ఫైలు ఇచ్చినా తెరవడంలో దిట్ట. డౌన్‌లోడ్ సగంలో ఆగిన వీడియోను కూడా వీలైనంత వరకు ఆడించి చూపిస్తుంది. అయితే పాటల భాండాగారాన్ని సర్దడం దాని పని కాదు. వీడియోల కోసం దాన్ని ఉంచుకోండి. విండోస్ 11లో 2022 నుంచి వస్తున్న మీడియా ప్లేయర్ చూడటానికి శుభ్రంగా ఉంటుంది, కొన్ని వందల పాటలకు చాలు.

మీకు నేను చెప్పేది మ్యూజిక్‌బీ. ఉచితం, విండోస్‌లో మాత్రమే పనిచేస్తుంది. వేల పాటలున్నా తడబడదు. యుగళగీతానికి గాయకుల పేర్లను సెమీకోలన్‌తో విడదీసి రాస్తే ఇద్దరి పేర్ల కిందా అదే పాట కనిపిస్తుంది. పాట వివరాలు రాసుకునే చోట సంగీత దర్శకుడి పేరును కంపోజర్ గడిలో రాసి, ఎడమవైపు జాబితాను ఆ పేర్ల ప్రకారం చూపించమనవచ్చు.

ఫూబార్ 2000ను ఇష్టపడేవారు దాన్ని వదలరు, అందుకు కారణం ఉంది. 2002 డిసెంబరులో మొదటిసారి విడుదలైన ఈ ప్లేయర్ పాత కంప్యూటర్‌లో కూడా నొక్కగానే తెరుచుకుంటుంది. గడుల పేర్లు కూడా మీరే పెట్టుకోవచ్చు. గీత రచయిత కోసం ఇంగ్లీషు అక్షరాల పేరుతో ఒక గడి సృష్టించి, అందులో రాసిన పేర్లతో జాబితా వేయించుకోవచ్చు. అయితే మొదటిసారి తెరిచినప్పుడు బోసిగా ఉంటుంది. దాన్ని మీకు తగ్గట్టు అమర్చుకోవడానికి ఒక ఆదివారం కేటాయించే ఓపిక ఉంటే ఇదే వేసుకోండి. ఏఐఎంపీ ఈ రెండింటికీ మధ్యస్థంగా ఉంటుంది. పాటలు వింటూ నిద్రపోయే అలవాటున్నవారికి అది బాగా పనికొస్తుంది, ఎందుకంటే చెప్పిన సమయానికి కంప్యూటర్‌ను ఆపేసే ఏర్పాటు అందులోనే ఉంది.

ఏ ప్లేయర్ వేసుకున్నా, ముందుగా చేయాల్సిన పని పేర్లను సరిచేయడం. ఒక ఫైలులో ‘ఎస్పీబీ’, ఇంకో ఫైలులో ‘ఎస్.పి. బాలు’, మరోదానిలో ‘ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం’ అని ఉంటే, ప్లేయర్ దృష్టిలో వారు ముగ్గురు వేర్వేరు గాయకులు. ఇంగ్లీషులో రాసినప్పుడు సుశీల గారి పేరుకూ ఇదే తంటా, ఒకరు ‘హెచ్’ అక్షరం పెడతారు, ఒకరు పెట్టరు. ఎంపీ3 ట్యాగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫోల్డర్ మొత్తాన్ని తెరిచి, ఆ పాటలన్నిటినీ ఎంచుకుని, పేరును ఒక్కసారి సరిగ్గా రాసి సేవ్ చేస్తే అన్నిటిలోనూ మారిపోతుంది. పాట పేరు పక్కన అతికించిన డౌన్‌లోడ్ వెబ్‌సైట్ల పేర్లను కూడా అందులోనే తుడిచేయవచ్చు. ఆ చోటు పాట రాసినవారిది, పాడినవారిది. ఈ పని మొదలుపెట్టే ముందు పాటలన్నిటినీ వేరే హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకోవడం మరవకండి.

ప్రశ్న: పాత పాట తర్వాత కొత్త సినిమా పాట వస్తే చెవులు అదిరిపోతున్నాయి. ప్రతిసారీ వాల్యూమ్ తగ్గించడం, పెంచడం విసుగ్గా ఉంది. ఉపాయం చెప్పగలరా?
– ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: ఉంది. దాని పేరు రీప్లేగెయిన్, 2001 నుంచి అందుబాటులో ఉంది. ఇటీవలి పాటలను రికార్డింగ్ చివరి దశలో తక్కువ, ఎక్కువ శబ్దాల మధ్య తేడా నొక్కేసి, వీలైనంత గట్టిగా వినిపించేలా తయారుచేస్తారు. పాత రికార్డులు అలా ఉండవు. రీప్లేగెయిన్ ప్రతి పాటనూ మొదటి నుంచి చివరి దాకా చదివి, మన చెవికి అది సగటున ఎంత గట్టిగా వినిపిస్తుందో లెక్కగట్టి, ఆ అంకెను ఫైలులో ఒక చీటీలా రాసి పెడుతుంది. ప్లేయర్ ఆ అంకె చూసి వాల్యూమ్‌ను తానే సవరించుకుంటుంది. పాటలోని శబ్దాన్ని ఎవరూ తాకరు, అంకె తీసేస్తే పాట యథాతథంగా ఉంటుంది.

ఫూబార్‌లో పాటలన్నిటినీ ఎంచుకుని మౌస్ కుడి బటన్ నొక్కితే రీప్లేగెయిన్ మెనూ వస్తుంది. అందులో ఒక్కో పాటను విడిగా స్కాన్ చేసే వరుసను ఎంచుకోండి. పూర్తయ్యాక ప్రిఫరెన్సెస్‌లో, ప్లేబ్యాక్ విభాగంలో దాన్ని అమలు చేయమని చెప్పాలి. చాలామంది స్కాన్ చేసి ఈ రెండో మెట్టు మరిచిపోయి, ఏమీ మారలేదని రాస్తుంటారు. మ్యూజిక్‌బీలో, ఏఐఎంపీలో కూడా ఈ సౌకర్యం ఉంది. మొదట్లో అన్ని పాటలూ కాస్త తక్కువ శబ్దంతో వినిపిస్తాయి. స్పీకర్ల వాల్యూమ్ ఒక్కసారి పెంచుకుంటే ఇక దాని జోలికి పోనక్కర్లేదు.

ప్రశ్న: పాటల పేర్లు తెలుగులో రాసుకున్నాను. కొన్ని ప్లేయర్‌లో ప్రశ్నార్థకాలుగా, కొన్ని పిచ్చి గీతలుగా కనిపిస్తున్నాయి. ప్లేయర్ మారిస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఏం కనిపిస్తోందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఖాళీ డబ్బాలు కనిపిస్తే మీ ఫైలు క్షేమం, ఆ ప్లేయర్ వాడుతున్న ఫాంట్‌లో తెలుగు లేదు. ఫాంట్‌ను నిర్మల లేదా గౌతమికి మారిస్తే చాలు. నెత్తిన వాలుగీత ఉన్న ఇంగ్లీషు ‘ఏ’ అక్షరం, పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ అదే ‘ఏ’, ఇలా వస్తుంటే కూడా కంగారుపడకండి. యూనికోడ్‌లో (అన్ని భాషల లిపులకూ చోటున్న ప్రమాణంలో) రాసిన తెలుగు అక్షరాలను ఐరోపా భాషల అక్షరాలుగా పొరబడి చదివితే అలాగే కనిపిస్తాయి. లోపల అక్షరాలు భద్రంగానే ఉన్నాయి. ఇటువంటి పేర్లను తిరిగి తెలుగులోకి తెచ్చే అదనపు కాంపోనెంట్ ఫూబార్‌కు దొరుకుతుంది.

ప్రశ్నార్థకాలు మాత్రం నష్టానికి గుర్తు. ఎంపీ3 ఫైలు చివర 128 బైట్ల పాత తరహా ట్యాగ్, అంటే పాట వివరాలు రాసే చోటు, ఒకటి ఉంటుంది. అందులో పాట పేరుకు 30 అక్షరాల చోటే ఉంది, యూనికోడ్‌కు తావే లేదు. తెలుగు పేరును అందులో రాయబోతే ప్రతి అక్షరమూ ప్రశ్నార్థకమై కూర్చుంటుంది. ప్లేయర్ చదువుతున్నది ఆ పాత ట్యాగ్‌నే అయితే, ఫైలులోని కొత్త తరహా ట్యాగ్‌లో పేరు బాగానే ఉండవచ్చు. ఎంపీ3 ట్యాగ్‌లో తెరిచి చూడండి. అక్కడా ప్రశ్నార్థకాలే ఉంటే మళ్లీ టైపు చేయడం తప్ప దారి లేదు. అదే సాఫ్ట్‌వేర్ ఆప్షన్లలోకి వెళ్లి, రాసేది కొత్త తరహా ట్యాగ్‌గా (ఐడీ3 రెండో తరం, 2.3), యూటీఎఫ్-16 అనే యూనికోడ్ పద్ధతిలో ఉండేట్టు పెట్టుకోండి. పాత తరహాదైన మొదటి తరం ట్యాగ్‌ను తీసేయమనండి. ఆ తర్వాత ఈ బాధ మళ్లీ రాదు.

ప్రశ్న: నాన్నగారి కర్ణాటక సంగీత కచేరీ సీడీలను ఎంపీ3లుగా మార్చాను. రాగం ముగిసి తానం మొదలయ్యే చోట, ఒక ట్రాక్ నుంచి ఇంకో ట్రాక్‌కు వెళ్లేటప్పుడు చిన్న ఎడం వచ్చి తంబూరా శ్రుతి తెగుతోంది. 320 కేబీపీఎస్‌లో మార్చినా అంతే.
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: దీనికి కేబీపీఎస్‌తో, అంటే సెకను శబ్దానికి ఎంత డేటా వాడారన్నదానితో సంబంధం లేదు. ఎంపీ3 శబ్దాన్ని 1152 నమూనాల (శాంపిళ్ల) ముక్కలుగా కోసి దాచుకుంటుంది, అంటే సీడీ నాణ్యతలో సుమారు 26 మిల్లీసెకన్ల ముక్క. ట్రాక్ సరిగ్గా ముక్క అంచున ముగియకపోతే మిగిలిన చోటును నిశ్శబ్దంతో నింపుతుంది. మొదట్లో కూడా కొంత నిశ్శబ్దం చేరుతుంది. సినిమా పాటలో ఇది ఎవరికీ తెలియదు. ఆగని తంబూరా మీద మాత్రం గాటులా వినిపిస్తుంది. ఎంత నిశ్శబ్దం చేర్చిందీ లేమ్ వంటి ఎన్‌కోడర్లు (ఎంపీ3లుగా మార్చే సాఫ్ట్‌వేర్లు) ఫైలులో రాసి పెడతాయి. ఫూబార్, మ్యూజిక్‌బీ ఆ అంకె చదివి, చేరిన నిశ్శబ్దాన్ని వదిలేసి ట్రాక్‌లను కలుపుతాయి. వీఎల్‌సీ మూడో తరం ఆ పని చేయదు. మీరు దానిలో వింటుంటే ముందు ప్లేయర్ మార్చి చూడండి.

సీడీలు ఇంకా మీ దగ్గర ఉన్నాయి కాబట్టి నా సలహా ఇంకొకటి. వాటిని మళ్లీ ఫ్లాక్ రూపంలోకి తీసుకోండి. సీడీలోని శబ్దం అంతా అణువంత పోకుండా ఉంటుంది, ఫైలు సైజు అసలులో దాదాపు సగమో, కాస్త ఎక్కువో అవుతుంది. ట్రాక్‌ల మధ్య ఎడం సమస్యే ఉండదు. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే సాఫ్ట్‌వేర్ గీతలు పడ్డ సీడీలను కూడా అనుమానం ఉన్న చోట మళ్లీ మళ్లీ చదివి చూస్తుంది. సీడీలు పాతబడే కొద్దీ చదవడం కష్టమవుతుంది, వాయిదా వేయకండి. ఒక్క జాగ్రత్త: ఇప్పుడున్న ఎంపీ3లనే ఫ్లాక్‌గా మార్చవద్దు. ఎంపీ3లో పోయిన శబ్దం తిరిగి రాదు, ఫైలు బరువు మాత్రం పెరుగుతుంది.

ప్రశ్న: 2 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేశాను. ఒకప్పటి వినాంప్ ప్లేయర్ లాంటిది కావాలి.
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: ఆడేషియస్ వేసుకోండి. పాత కంప్యూటర్‌కు భారం కాని ప్లేయర్ అది. సెట్టింగుల్లో ఇంటర్‌ఫేస్‌ను వినాంప్ తరహాకు మార్చితే 1997 నాటి ఆ చిన్న కిటికీ, పక్కన ప్లేలిస్టు అలాగే వస్తాయి. పాత వినాంప్ స్కిన్లు (ప్లేయర్ రూపాన్ని మార్చే ఫైళ్లు) మీ దగ్గర ఉంటే అవి కూడా పనిచేస్తాయి. సంగీత దర్శకుల వారీగా సర్దుకోవాలనిపిస్తే స్ట్రాబెర్రీని ప్రయత్నించండి, కాకపోతే అది కాస్త ఎక్కువ మెమరీ అడుగుతుంది. రెండింటినీ మీ లినక్స్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్ కేంద్రం నుంచే తీసుకోండి.