మార్క్స్‌కి అంగీ తొడిగారా?

ప్రశ్న: మా నాన్న కమ్యూనిస్టు పార్టీ మనిషి. అమ్మ ఏటా ఫిబ్రవరిలో గుణదల కొండ ఎక్కాల్సిందే. మొన్న భోజనాల దగ్గర విమోచన వేదాంతం మాటొస్తే నాన్న ‘అది మా సరుకే’ అన్నారు, అమ్మ ‘అందుకే పోపుగారు వద్దన్నారు’ అంది. ఏది నిజమండీ?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: విమోచన వేదాంతం అంటే పేదల్ని అణచివేత నుంచి విడిపించడం కూడా దేవుడి పనే అనే క్రైస్తవ ఆలోచన. ముందు నాన్నగారిని కాస్త తగ్గమనండి. 1971లో పుస్తకం రాసి ఈ ఆలోచనకి పేరు తెచ్చిన గుస్తావో గుటియెర్రెజ్ పెరూ దేశపు ఫాదర్, లీమాలో పేదల మధ్య పనిచేసిన మనిషి. ‘దేవుడు నిన్ను ప్రేమిస్తున్నాడు’ అని పూట గడవనివాడితో ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి అన్నది ఆయన బాధ. జవాబు వెతికింది బైబిల్లో, బానిసలు ఐగుప్తు నుంచి బయటపడ్డ నిర్గమకాండంలో, దేవుడు బలవంతుల్ని గద్దెల మీంచి దించాడని యేసు తల్లి మరియమ్మ పాడిన పాటలో. అయితే అన్నం పెట్టడంతో ఆగక వీడికి అన్నం ఎందుకు లేదని అడిగేసరికి, పేదరికం తలరాత కాదు, ఒకరి శ్రమ ఇంకొకరి చేతికి పోయే ఏర్పాటు వల్ల పుట్టిందని విడమరిచి చెప్పడానికి మార్క్స్ పనికొచ్చాడు. అంతవరకే తీసుకున్నారు, నాస్తికత్వం జోలికి పోలేదు. ఆ మాటకొస్తే మతం మత్తుమందు అన్న మార్క్సే దానికి ముందు ‘అణగారిన జీవి నిట్టూర్పు’ అని కూడా అన్నాడు, మనవాళ్లు మీటింగుల్లో ఆ ముక్క వదిలేస్తారు.

అమ్మగారి విషయానికొస్తే, 1984లో వాటికన్ తరఫున, అక్కడ మత సిద్ధాంతాల విభాగం చూసే కార్డినల్ రాట్జింగర్ హెచ్చరిక ఇచ్చిన మాట నిజమే. మార్క్సిస్టు భావాల్ని మంచీచెడూ చూడకుండా తెచ్చుకోవద్దన్నారు గానీ పేదల పక్షం నిలబడొద్దనలేదు. 1986లో వచ్చిన రెండో పత్రం ఇంకాస్త మెత్తగా ఉంటుంది. ఎల్ సాల్వడార్‌లో పేదల పక్షాన మాట్లాడిన ఆర్చిబిషప్ రొమేరో మార్క్సిస్టేం కాదు, అయినా కమ్యూనిస్టు ముద్ర వేశారు. 1980లో పూజ చేస్తుండగా కాల్చేశారు. 2018లో అదే చర్చి ఆయన్ని పునీతుణ్ణి చేసింది.

నాకు అసలు కొరుకుడు పడనిది వేరే ఉంది. లాటిన్ అమెరికా లెక్కలో ధనిక, పేద ఉన్నాయి గానీ మన కులం లేదు. 1991లో మన చుండూరులో అగ్రకులాలవాళ్లు ఎనిమిదిమంది దళితుల్ని చంపింది కూలిరేటు గొడవలో కాదు, కులం పేరున. 1980లలో క్రైస్తవ పండితుడు అరవింద్ నిర్మల్ లాంటివాళ్లు దళిత వేదాంతం మొదలుపెట్టింది ఈ లోటు చూసే. మన పల్లెల్లో ఒకే యేసుకి మాలపల్లెలో ఒక చర్చి, మాదిగపల్లెలో ఇంకో చర్చి ఎందుకని మీ ఇంట్లో ఇద్దర్నీ అడిగి చూడండి.