యాంగిల్ కాక్ మార్చడానికి 600 కూలి ఎక్కువా?

కారుతున్న యాంగిల్ కాక్ (గోడ నుంచి వాష్‌బేసిన్, గీజర్ లాంటి వాటికి వెళ్లే కనెక్షన్ పైపుకి నీళ్లు వదిలే చిన్న కుళాయి) మార్చే పావుగంట పనికి ప్లంబర్ 600 రూపాయలు అడిగాడు, ఇది దోపిడీ కాదా అంటున్నారు. విజయవాడ పటమటలో పాత అపార్ట్‌మెంట్, బోరు నీళ్లు అని కూడా మీరే రాశారు. ఆ రెండూ నిజమైతే 600 ఎక్కువేం కాదు. కాక్ సవ్యంగా ఊడి వస్తేనే అది పావుగంట పని.

కాక్ వెనక గోడలో ఇత్తడి మరలున్న ఎల్బో (పైపు వంపు ముక్క) ఉంటుంది. అది టైలు కంటే లోపలికి ఉండిపోతే మధ్యలో అరంగుళం నిపుల్ (రెండు చివరలా మరలున్న పొట్టి పైపు ముక్క) వేస్తారు. బిల్డరు జీఐ (జింకు పూత పూసిన ఇనుము) నిపుల్ వేసి ఉంటే బోరు నీళ్లకి ఈపాటికి తుప్పు పట్టి ఎల్బోకి కరుచుకుపోయి ఉంటుంది. రెంచి వేసి తిప్పితే నిపుల్ మర దగ్గర విరిగి, ముక్క లోపలే ఉండిపోవచ్చు. దాన్ని హ్యాక్‌సా బ్లేడుతో లోపలి నుంచి నిలువుగా కోసి, స్క్రూడ్రైవర్‌తో మడిచి లాగాలి. బ్లేడు కాస్త లోతుకి దిగి ఇత్తడి మర తెగిందా, ఆ ఎల్బో కారుతూనే ఉంటుంది. మొరటుగా తిప్పితే సీపీవీసీ (ప్లాస్టిక్ పైపు రకం) ఎల్బోలోని ఇత్తడి ముక్క ప్లాస్టిక్ నుంచి విడిపోయి గిర్రున తిరగొచ్చు. అలా అయితే ఇక టైలు పగలగొట్టడం, గోడ చెక్కడం, కొత్త ఎల్బో సాల్వెంట్‌తో (పైపులు అతికించే జిగురు) అంటించి ఆరేదాకా నీళ్లు వదలకుండా ఆగడం. అదే డిజైన్ టైలు ఇప్పుడు దొరకడం కష్టం.

అందుకే రెంచి వేయకముందే మాట్లాడుకోండి: సవ్యంగా వస్తే ఎంత, నిపుల్ విరిగితే ఎంత, గోడ చెక్కాల్సి వస్తే ఎంత. గొడవలన్నీ ఈ మాట అనుకోకపోవడం వల్లే.

బాత్‌రూమ్‌కి విడిగా వాల్వ్ పెట్టని బిల్డర్లని ఏమనాలో తెలీదు. కాక్ మార్చాలంటే డాబా ఎక్కి ట్యాంకు లైనే మూసేయాలి. మే నెల బెజవాడ ఎండలో ఆ మెట్లెక్కడం కూడా కూలిలో భాగమే.

కూలి దగ్గర గీసి గీసి బేరమాడితే సామాన్లలో లాగుతారు. కొన్ని షాపులు ప్లంబర్‌కి కమీషన్ ఇస్తాయి, అది మీ బిల్లులోదే. కాక్, ఇత్తడి నిపుల్, టెఫ్లాన్ టేపు వన్ టౌన్‌లో మీరే కొనుక్కుని, కూలి అడిగినంత ఇచ్చేయండి.

బిగించేటప్పుడు ఒకటి గమనించండి. టేపు మర బిగిసే దిశలోనే పది పన్నెండు చుట్లు చుట్టాలి. బిగించాక కాక్ వంకరగా ఉందని వెనక్కి తిప్పాడంటే టేపు చెదిరినట్టే. విప్పి, కొత్త టేపుతో మళ్లీ చేయమనండి. ట్యాంకు నిండుగా ఉంచి, జాయింట్ చుట్టూ టిష్యూ కాగితం చుట్టి అరగంట చూశాకే డబ్బులివ్వండి.

ఇంతకీ కారేది ఎక్కడో మీరు రాయలేదు. కనెక్షన్ పైపు నట్టు దగ్గరైతే లోపలి రబ్బరు వాషర్ మారిస్తే చాలు. కాక్ జోలికే పోనక్కర్లేదు, ఆ పనికి 600 మాత్రం అన్యాయమే.